గోల్‌కీపర్ జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

సోవియట్ ఐస్ హాకీ గోల్‌కీపర్ వ్లాదిస్లావ్ త్రెత్యాక్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఐస్ హాకీ ఎప్పుడూ చూడని మన పాఠకుడు కూడా ఊపిరి బిగపట్టి చదివేలా రాశావు. గంటకు 150 కిలోమీటర్లు దాటి దూసుకొచ్చే రబ్బరు బిళ్ళకి ఎదురుగా ఒక మనిషి ఎలా నిలబడతాడో కళ్ళకి కట్టావు. కానీ ఉన్న మాట చెప్పాలి కదా. ఇది సగం మనిషి కథే.

1984లో ఆట మానేసేనాటికి త్రెత్యాక్‌కి 32 ఏళ్ళు. ఆ 32 ఏళ్ళకి నీ వ్యాసంలో పేజీలకి పేజీలు దొరికాయి. 2003 నుంచి రష్యా పార్లమెంటు దిగువ సభ అయిన డ్యూమాలో సభ్యుడు, 2006 నుంచి రష్యా ఐస్ హాకీ సమాఖ్య అధ్యక్షుడు. ఈ మనిషికి మాత్రం చివర్లో ఒక్క పేరా, అదీ సన్మానపత్రంలా ఉంది. గోల్ ముందు నిలబడ్డ ఏళ్ళకంటే కుర్చీలో కూర్చున్న ఏళ్ళే ఎక్కువని గమనించావా?

ఇది నీ ఒక్కదాని విషయం కాదు. ఎవరింట్లో చూసినా పెళ్ళికి ఆల్బమ్ ఉంటుంది, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ కాపురానికి ఉండదు. ఆటగాడి జీవితమూ అంతే. మ్యాచ్‌కి వీడియో ఉంటుంది, స్కోరు ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. కమిటీ మీటింగుకి అవేవీ ఉండవు. అందుకే అక్కడికి రాగానే మన కలం తొందరపడుతుంది. నువ్వు అక్కడే ఆగాలని నా కోరిక.

ముందు, ఉంచాల్సినవి చెబుతాను. 1972లో కెనడా, సోవియట్ జట్ల సిరీస్‌కి ముందు, ఎదుటి ఆటగాళ్ళని అంచనా వేసే కెనడా స్కౌట్లు మాస్కో వచ్చి ఇతన్ని చూసిన సంగతి తప్పకుండా ఉంచు. ఆ రోజు గోల్ మీద గోల్ వదిలేశాడు. ఈ కుర్రాడితో మనకి భయం లేదని వాళ్ళు రిపోర్టు ఇచ్చారు. మర్నాడు అతని పెళ్ళి అన్న సంగతి వాళ్ళకి తెలియదు. ఒక్క రోజు చూసి మనిషిని తేల్చేయడం ఎంత ప్రమాదమో జీవిత చరిత్రలు రాసే మనందరికీ ఇది గుర్తుండాలి. సెప్టెంబరు 2న మాంట్రియల్‌లో మొదటి మ్యాచ్ ముందు కెనడా మహా గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ సోవియట్ డ్రెస్సింగ్ రూముకి వచ్చి, తన దేశపు ఆటగాళ్ళు ఎక్కణ్ణుంచి ఎలా కొడతారో ఈ ఇరవై ఏళ్ళ కుర్రాడికి దుబాసీని పెట్టుకుని చెప్పాడు. జాలిపడి చెప్పాడనే అంటారు. కెనడా 7-3తో ఓడిపోయింది. ఈ రెండు సంగతులూ నువ్వు బాగా రాశావు, ఒక్క అక్షరం మార్చొద్దు.

1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అమెరికాతో మ్యాచ్ దగ్గర మాత్రం నీ కలం వణికింది. మొదటి పీరియడ్ చివరి సెకనులో అమెరికా ఆటగాడు మార్క్ జాన్సన్ గోల్ కొట్టి స్కోరు 2-2 చేశాడు. కోచ్ విక్తర్ తిఖోనోవ్ త్రెత్యాక్‌ని తప్పించి రెండో గోల్‌కీపర్ మిష్కిన్‌ని దింపాడు. ఎక్కువగా కాలేజీ కుర్రాళ్ళతో కూడిన అమెరికా జట్టు 4-3తో గెలిచింది. దీన్ని నువ్వు 'దురదృష్టవశాత్తూ అతను వైదొలగాల్సి వచ్చింది' అని రాశావు. అతను వైదొలగలేదమ్మా. తిఖోనోవ్ తీసేశాడు. చేసినవాడి పేరు వాక్యంలో ఉండాలి. ఈ అలవాటు ఇక్కడ చేసుకుంటే కుర్చీ రోజులు రాసేటప్పుడు అక్కరకొస్తుంది. అధికార భవనాల్లో నిర్ణయాలు వాటంతట అవే జరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఎవరు చేశారో వెతికి పట్టుకోవడమే మన పని.

ఇప్పుడు నీ వ్యాసంలో లేని ముడి గురించి. 1983లో అమెరికా, కెనడాల వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని మాంట్రియల్ కెనడియన్స్ జట్టు, కొత్త ఆటగాళ్ళని పంచుకునే డ్రాఫ్ట్‌లో త్రెత్యాక్‌ని ఎంచుకుంది. సోవియట్ ప్రభుత్వం వెళ్ళనివ్వలేదు. మర్నాటి ఏడాది, కాస్త ఇంటి దగ్గర ఉండనివ్వమని కోచ్‌ని అడిగాడు. అప్పటి సోవియట్ ఆటగాళ్ళు ఏడాదిలో అధిక భాగం భార్యాబిడ్డల్ని వదిలి శిబిరంలోనే గడపాలి. తిఖోనోవ్ ఒప్పుకోలేదు. ఒలింపిక్ స్వర్ణాలు మూడు, ప్రపంచ టైటిళ్ళు పది ఉన్న మనిషి ఆట మానేశాడు. 1989లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ అతనికి చోటిచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ గౌరవం దక్కింది.

ఈ మనిషే 2006లో సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో, రష్యాలోని మగ్నితోగొర్స్క్ క్లబ్బుతో ఫిన్లండ్ వెళ్ళిన కుర్రాడు యెవ్గేనీ మాల్కిన్ హెల్సింకీ ఎయిర్‌పోర్టులో జట్టుని వదిలి మాయమయ్యాడు. తర్వాత అమెరికాలో, ఎన్‌హెచ్‌ఎల్ పిట్స్‌బర్గ్ జట్టులో తేలాడు. రష్యన్ ఆటగాళ్ళు ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్ళడానికి అప్పట్లో ఒప్పందం లేదు. మిగతా యూరప్ దేశాలు సంతకం చేసిన బదిలీ ఒప్పందం మీద రష్యా సమాఖ్య 2005లోనే సంతకం పెట్టలేదు. చేతికొచ్చిన కుర్రాణ్ణి అప్పగిస్తే వచ్చే సొమ్ము చాలదని క్లబ్బుల బాధ. త్రెత్యాక్ అధ్యక్షుడయ్యాక కూడా ఆ చిక్కు వీడలేదు.

చూశావా? ఒకప్పుడు తనని వెళ్ళనివ్వని బల్లకి ఇప్పుడు అవతలివైపు కూర్చున్నాడు. అతన్ని కపటి అని తేల్చేయకు. క్లబ్బు పెట్టిన ఖర్చు నిజం, కుర్రాడి ఆశా నిజం. సమాఖ్య అధ్యక్షుడనేవాడు ఆ రెండింటి మధ్య నలిగే మనిషి. ఈ ఘట్టానికి నీ వ్యాసంలో కనీసం రెండు పేజీలు ఇవ్వాలి. మాంట్రియల్ రాత్రి ఎంత ముఖ్యమో హెల్సింకీ ఎయిర్‌పోర్టూ అంతే ముఖ్యం.

గెలుపోటముల పట్టిక నువ్వు ఇవ్వనే ఇచ్చావు, దాన్ని కుదించు. 2008లో క్యుబెక్‌లో కెనడాని ఓడించి పదిహేనేళ్ళ తర్వాత ప్రపంచ టైటిల్ తెచ్చారు, 2009లో మళ్ళీ గెలిచారు. పాఠకుడికి అది చాలు. నువ్వు నిలవాల్సింది 2010 వాంకూవర్ ఒలింపిక్స్ దగ్గర. హాకీలో క్వార్టర్ ఫైనల్లో కెనడా చేతిలో 7-3తో చిత్తయ్యారు. మొత్తంగా రష్యాకి మూడే స్వర్ణాలు వచ్చాయి. బాధ్యులు రాజీనామా చేయాలని అప్పటి దేశాధ్యక్షుడు మెద్వెదెవ్ బహిరంగంగా అన్నాడు. పాత స్కీయింగ్ కోచ్, రష్యా ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు లియొనీద్ త్యగచోవ్ దిగిపోయాడు. త్రెత్యాక్ దిగలేదు. మర్నాటి ఏడాది కోచ్ బికోవ్‌ని పంపేశారు. 2014లో సొంత గడ్డ సోచీలో ఫిన్లండ్ చేతిలో 3-1తో ఓడాక కోచ్ బిల్యలెత్‌దినోవ్ వెళ్ళిపోయాడు. సమాఖ్య అధ్యక్షుడు త్రెత్యాక్ మాత్రం ఉన్నాడు. ఎందుకు ఉండగలిగాడు? జనాభిమానమా, పాలక పార్టీ యునైటెడ్ రష్యా అండా, పనితనమా? దొరికిన ఆధారం మేరకు రాయి, దొరకని చోట ఊహతో పూడ్చకు.

సోచీ ప్రారంభోత్సవం కూడా ఉంచు, కానీ బాణసంచా తగ్గించు. ఒలింపిక్ జ్యోతిని వెలిగించింది త్రెత్యాక్, ఫిగర్ స్కేటర్ ఇరీనా రోద్నినా. ఇద్దరూ మూడేసి స్వర్ణాలు గెలిచినవాళ్ళు, ఇద్దరూ పాలక పార్టీ డ్యూమా సభ్యులే. క్రీడ, రాజ్యం ఒకే కాగడా పట్టుకున్నాయని చూపడానికి ఆ ఒక్క సంగతి చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. మరుసటి నెలలో రష్యా క్రిమియాని కలిపేసుకుంది. ఆ తర్వాత సోచీలో డోపింగ్ శాంపిళ్ళు మార్చిన వ్యవహారం బయటపడి, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో వాళ్ళ ఆటగాళ్ళు దేశం జెండా లేకుండా ఆడారు. జర్మనీ మీద 4-3తో స్వర్ణం గెలిచినప్పుడు ఒలింపిక్ గీతం మోగుతుంటే వాళ్ళు తమ జాతీయ గీతం పాడారు. ఆ గొంతుల్లో గర్వమూ ఉంది, ధిక్కారమూ ఉంది. రెంటినీ వినిపించు.

2022 దగ్గర నీ వ్యాసం ఒక్కసారిగా మౌనం వహించింది. అది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. ఉక్రెయిన్ మీద దాడి మొదలైన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 28న, అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య రష్యా జట్లని నిషేధించింది. 2023లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన ప్రపంచ పోటీలు ఫిన్లండ్, లాత్వియాలకి వెళ్ళిపోయాయి. డ్యూమా సభ్యుల మీద పాశ్చాత్య దేశాలు పెట్టిన ఆంక్షల జాబితాల్లో త్రెత్యాక్ పేరూ ఉంది. 1972లో కెనడా జనం మనసు గెలిచిన మనిషి విషయం ఇది. ఈ నాలుగు మాటలూ లేకుండా అతని కథ అచ్చువేస్తే చదివేవాళ్ళని మోసం చేసినట్టే.

మన తెలుగు ఇళ్ళల్లో మరో ఇబ్బంది ఉంది. విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన రష్యన్ పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళం చాలామందిమి. ఆ దేశం పేరు వినగానే మనసు మెత్తబడుతుంది. నీ ఇంట్లో కూడా ఆ పుస్తకాలున్నాయని నీ మాటల్లో తెలిసింది. ఆ ప్రేమని వదులుకోమని అనను. ప్రేమ ఉన్నచోట మరింత జాగ్రత్తగా చూడాలంటాను. మరోవైపు, ఇవాళ్టి యుద్ధం చూసి 1972 నాటి కుర్రాణ్ణి కూడా దుర్మార్గుడిగా చూపడం అంతకంటే తప్పు. ఏ ఏడాది పనిని ఆ ఏడాదిలోనే పెట్టు. ప్లాంట్ బొమ్మలేసి చూపిస్తుంటే శ్రద్ధగా విన్న కుర్రాడు నిజం. పార్టీ బల్ల మీద ఇరవై ఏళ్ళుగా కూర్చున్న పెద్దమనిషీ నిజం. వాళ్ళిద్దరి మధ్య నువ్వు రాజీ కుదర్చనక్కర్లేదు.

ఇంకో చిన్న మాట. 'హాకీ దేవుడు', 'మహోన్నత శిఖరం' వంటివి కొట్టేయి. టెన్షన్ పడకు, వ్యాసం చిక్కిపోదు.

పక్కనే, త్రెత్యాక్‌తో కలిసి ఆడిన డిఫెన్స్ ఆటగాడు ఫెతిసోవ్ గురించి ఒక పేజీ రాయగలిగితే ఇంకా బాగుంటుంది. ఇద్దరిదీ ఒకే సోవియట్ సైన్యం క్లబ్బు, కోచ్ అదే తిఖోనోవ్. కానీ ఫెతిసోవ్ కోచ్‌ని బహిరంగంగా ఎదిరించి, పోట్లాడి 1989లో అమెరికా వెళ్ళాడు. తర్వాత ప్రభుత్వ క్రీడా సంస్థకి అధిపతి అయి, చివరికి అదే డ్యూమాలో అదే పార్టీ తరఫున కూర్చున్నాడు. పోట్లాడకుండా ఆట మానేసినవాడు, పోట్లాడినవాడు ఒకే చోటికి ఎలా చేరారో నాకూ తెలుసుకోవాలని ఉంది.

మొత్తం ఒక్కసారే తిరగరాయాలని కూర్చోకు. ముందు మాల్కిన్ ఘట్టం రాసి పంపు. క్లబ్బువాళ్ళ వాదన, కుర్రాడి వాదన, సమాఖ్య వాదన మూడూ ఉండాలి. అది చూశాక వాంకూవర్ సంగతి ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు