చెరువు ప్రాజెక్టు చార్టు దగ్గరే ఆగిపోతోందంటే

తొమ్మిదో తరగతికి చెరువు ప్రాజెక్టు ఇస్తే పిల్లలు చార్టు దాటి ముందుకు పోవడం లేదన్నారు. అది వాళ్లకు ఆసక్తి లేక కాదు మేడమ్, మీరిచ్చిన ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే ఉంది. 'చెరువుల ప్రాముఖ్యత' అని అడిగితే తొమ్మిదో తరగతి వాళ్లు చార్టు వేసి గోడకు అతికించి ఊరుకుంటారు, ఇంకేం చేస్తారు! మీ ఊరి చెరువు గురించే అడగండి: నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, నిండితే ఎటు పోతాయి?

1. గూగుల్ ఎర్త్‌లో ఆ చెరువు పాత చిత్రం, ఇప్పటి చిత్రం పక్కపక్కన చూపించండి.

2. కట్ట మీద నడిపించి తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి), మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు), కాలువ వాళ్లతోనే మ్యాపుగా గీయించండి. (మత్తడి దూకే రోజుల్లో మాత్రం వద్దు.) కాకతీయుల నాటి నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు, పైది నిండి పొర్లితే ఆ నీళ్లు కిందిదానికి చేరతాయి, మధ్యలో కాలువ పూడిందంటే కింది ఊరి పొలాలు ఎండుతాయి. ఇది కళ్లతో చూస్తే పిల్లలు మర్చిపోరు.

3. చాలామంది వదిలేసేది ఇదే. మ్యాపులో ప్రతి సమస్య పక్కన అది ఎవరి పనో రాయించాలి. మా పిల్లలు మొదట అన్నిటికీ 'ప్రభుత్వం' అని రాశారు. ఆ మాట కొట్టేయించాను. చెత్త అయితే పంచాయతీ, తూము షట్టర్ నీటిపారుదల శాఖ, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే భూమి) ఆక్రమణ అయితే రెవెన్యూ. ఎవరిని అడగాలో తెలిశాకే పిల్లల్లో కదలిక వచ్చింది.

4. ఒక్క సమస్యే ఎంచుకుని అర్జీ రాయించండి, గ్రామసభలో వాళ్లే చదవాలి. రసీదు తీసుకుని, నెల తర్వాత మళ్లీ కట్ట మీదికి తీసుకెళ్లండి.