వేదిక మీద విన్న పాటకు ఆల్బమ్ జాడ

ప్రశ్న: ఒక పెద్ద కచేరీకి ముందు ఎవరో గాయని అరగంట పాడింది. మాటా, బాణీ రెండూ ఆవిడవే. పేరు సరిగా వినబడలేదు. పాడుతుండగా, పాట విని పేరు చెప్పే షజామ్ యాప్ పెట్టినా ఏమీ దొరకలేదు. ఆల్బమ్ ఎలా వెతకాలి?

జవాబు: షజామ్ బాణీని గుర్తుపట్టదు, ఫలానా రికార్డింగ్‌నే గుర్తుపడుతుంది. ధ్వనిలో బలంగా మోగిన స్వరాలు ఏ క్షణాన ఎంత ఎడంతో వచ్చాయో చూసి, తన దగ్గరున్న రికార్డింగ్‌ల నుంచి అలాగే తీసి పెట్టుకున్న గుర్తులతో (ముద్రలతో) పోల్చుకుంటుంది. అదే మనిషి అదే పాటను కాస్త నిదానంగా పాడినా ముద్ర కలవదు. గూగుల్ యాప్‌లో 10, 15 సెకన్లు కూనిరాగం తీసి వెతకవచ్చు గానీ, కొద్దిమందికే తెలిసిన పాట అందులో దొరకడం అరుదు.

ముందు పేరు పట్టుకోండి. టికెట్ మీద ముందు పాడేవారి పేరు చాలాసార్లు ఉండదు. హాలు వాళ్లు ఆ రోజుకు వేసిన ప్రకటన, ప్రధాన గాయకుడు ఆ వారంలో పెట్టిన పోస్టులు చూడండి. అక్కడా లేకపోతే హాలుకే రాసి అడగండి, చెబుతారు.

పేరుతో పని జరగకపోతే మాటలతో వెతకాలి. చాలామంది పల్లవితో వెతికి విసిగిపోతారు. పల్లవిలో ప్రేమ, రాత్రి, వాన లాంటి మాటలే ఉంటాయి, అవి వేల పాటల్లో ఉన్నాయి. చరణంలో వచ్చిన ఊరి పేరో, వస్తువు పేరో కలిసేలా ఐదారు మాటలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఆ మాటలు ఆ రాత్రే రాసి పెట్టుకోవాలి, తెల్లారేసరికి సగం చెరిగిపోతాయి.

దొరికాక ఒక జాగ్రత్త. ఒకే పేరున్న ఇద్దరి పాటలు స్ట్రీమింగ్ యాప్‌లలో ఒకే పేజీలో కలిసిపోతుంటాయి. గాయకుల, ఆల్బమ్‌ల వివరాలుండే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వెబ్‌సైట్‌లో ఒకే పేరువాళ్లను విడివిడిగా చూపిస్తారు, అక్కడ సరిచూసుకోండి. అయినా ఆ పాట కనబడకపోతే, అది ఇంకా రికార్డు కాని కొత్త పాట కావచ్చు.

ప్రశ్న: ఆల్బమ్ దొరికింది. కానీ ఇంట్లో వింటే వేదిక మీది ఊపు లేదు. రికార్డింగ్ బాగాలేదా?

జవాబు: ఆ మాట అనే ముందు వాల్యూమ్ చూడండి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా తగ్గి వినబడతాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. హాల్లో గుండెకు తగిలిన గిటారు మంద్రతీగ, ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో పెడితే పలచబడిపోతుంది. ఒక్క పాటకైనా వాల్యూమ్ పెంచి, ఫోన్ స్పీకర్‌లో కాకుండా మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి.

షఫుల్‌లో, అంటే పాటల వరస కలిపేసి, వినకండి. స్పాటిఫైలో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్, ఆల్బమ్ వరసగా వింటే మొత్తానికీ ఒకే కొలత వాడుతుంది. షఫుల్‌లో ప్రతి పాటనూ విడిగా సమం చేస్తుంది. గుసగుసలా పాడిన పాటా, గొంతెత్తి పాడిన పాటా ఒకే స్థాయికి వచ్చేస్తే, ఆవిడ ఏర్చి కూర్చిన వరస చెడిపోతుంది. ఇలాంటి ఆల్బమ్‌కు ఆ వరసే ప్రాణం.

ప్రశ్న: ఎక్కడ కొంటే డబ్బు ఆవిడకే చేరుతుంది?

జవాబు: కచేరీ దగ్గర బల్ల మీద అమ్మే సీడీ అన్నిటికన్నా మేలు. తర్వాత, గాయకులు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్: డిజిటల్ అమ్మకాల్లో దాని వాటా మామూలుగా 15 శాతం, చెల్లింపు రుసుములు అదనం. స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లయినా వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. కొత్త గాయకులకు గట్టిగా తగిలే నియమం ఇది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫ్లాక్ (ధ్వనిలో ఏదీ పోకుండా దాచే ఫైల్ రకం) ఎంచుకోండి. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3లో పోయినది మాత్రం మళ్లీ తిరిగి రాదు.