ఫంగస్‌కు కొత్త డ్రగ్ టార్గెట్ దొరకడం ఎందుకింత కష్టం?

యాంటీబయాటిక్స్ అన్ని రకాలుండగా ఫంగస్ మందులకెందుకీ కరువు, కొత్త టార్గెట్లు (మందు పట్టుకుని ఆపాల్సిన ఫంగస్ భాగాలు) ఎలా వెతుకుతారు, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పనికొచ్చేది చెప్పమని అడిగారు. బెంగళూరులో ఒక చిన్న బయోటెక్ కంపెనీలో ఈ పనే చేశాను కాబట్టి రాస్తున్నా.

ఫంగస్‌ను చంపే కెమికల్స్‌కి కొదవ లేదండీ. మనిషి జోలికి పోకుండా దాన్నొక్కదాన్నే చంపేవి దొరకవు. బ్యాక్టీరియాతో పోలిస్తే ఫంగస్ మన కణాలకు దగ్గర చుట్టం. మేం ఒకే కాంపౌండ్‌ని రెండు ప్లేట్లలో వేసేవాళ్లం. ఒకదాంట్లో మనుషులకు జబ్బు చేసే క్యాండిడా అనే ఫంగస్, ఇంకోదాంట్లో మనిషి లివర్ కణాలు. రిసాజురిన్ అనే నీలం రంగు కలిపితే, బతికున్న కణాలు దాన్ని గులాబీ రంగుకు మారుస్తాయి. క్యాండిడా వెల్ (ప్లేటులోని చిన్న గుంట) నీలంగానే ఉండిపోయిందని సంబరపడి లివర్ ప్లేటు తీస్తే, అక్కడా నీలమే! ఇక దాన్ని లిస్టులోంచి కొట్టేయడమే.

అందుకే పాత మందులు మనలో లేనివాటినే పట్టుకున్నాయి. అజోల్స్, యాంఫోటెరిసిన్‌లకు ఫంగస్ కణం పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం, 2001లో వచ్చిన కాస్పోఫంగిన్‌కు కణం గోడలోని గ్లూకాన్. కానీ 'మనలో లేని జీనే కావాలి' అన్న క్లాసురూం మాట నాకు నచ్చదు. ఒలోరోఫిమ్ అనే కొత్త ఫంగస్ మందు ఆపే డీహెచ్‌ఓడీహెచ్ ఎంజైమ్ మనలోనూ ఉంది. ఆకారంలో తేడా ఉంది కాబట్టి యాస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌లోదే ఆగుతుంది (క్యాండిడా మీద మాత్రం పనిచేయదు). మనలోనూ ఉండే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ సంగతి తలకిందులు. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మన ఒంటి వేడిలో పెరగాలంటే అది ఉండాల్సిందే. దాన్ని ఆపే టాక్రోలిమస్ ఎప్పటినుంచో ఉంది. తీరా చూస్తే అది కిడ్నీ మార్చినవాళ్లకు ఇమ్యూనిటీ తగ్గించడానికిచ్చే మందు!

ఇక వెతికే పద్ధతి. క్యాండిడా ఆల్బికాన్స్‌లో ఒక్కో జీన్‌కు రెండు కాపీలుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో జీన్ కాపీ తీసేసిన స్ట్రెయిన్లను (ఆ ఫంగస్ రకాలను) కొద్దిపాటి మందులో పెంచితే, ఏది అందరికంటే ముందు చతికిలబడుతుందో దాంట్లో కాపీ పోయిన జీన్ మీద మన అనుమానం. ఆ స్ట్రెయిన్ల సెట్ మీ కాలేజీలో ఉండకపోవచ్చు. అప్పుడు మందును తట్టుకుని బతికిన కాలనీలను ఏరి, బయట సీక్వెన్సింగ్‌కి (డీఎన్‌ఏ చదివించడానికి) ఇవ్వండి. మార్పు ఏ జీన్‌లో పదేపదే కనిపిస్తే అక్కడ తవ్వండి.

ఒక్క మాట. మన ఊళ్లలో వరి పాముపొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్ కూడా ఆసుపత్రి అజోల్స్ కుటుంబమే. పొలాల్లో అజోల్స్‌కి అలవాటుపడిన యాస్పర్‌జిల్లస్ తర్వాత రోగుల్లో మందుకు లొంగడం లేదు. డీహెచ్‌ఓడీహెచ్‌ను ఆపే పంట మందు కూడా అప్పుడే వచ్చేసింది. టార్గెట్ ఎంచుకునేటప్పుడు పురుగుమందుల కొట్టులో ఏమున్నాయో కూడా చూసుకోండి.