తప్పు ఎవరి ఖాతాలో రాయాలి?

గవర్నర్‌పేట, విజయవాడ.

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసాన్ని ఏలూరు రోడ్డులో ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని రెండుసార్లు చదివాను. ‘ఇంటర్‌స్టెల్లార్’ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమా 4కే డిస్కు (చాలా స్పష్టమైన బొమ్మ ఉండే సినిమా డిస్కు) గురించి గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఒక అమ్మాయి తెలుగులో ఆరు పేజీలు రాసిందంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. గాంధీనగర్‌లో ఏ మేడ ఎక్కినా సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసే కనిపించిన రోజుల్లో కూడా మా ఊళ్ళో సినిమా గురించి రాసేవాళ్ళే గానీ, ఆ సినిమా మన ఇంటికి ఏ రూపంలో చేరిందో పట్టించుకుని రాసేవాళ్ళు లేరు. నువ్వు పట్టించుకున్నావు. అందుకే నాలుగు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఆరు పేజీల్లో నాలుగున్నర పేజీలు కథే ఉంది. అది తీసెయ్. సినిమా 2014లో వచ్చింది, 2025 ఫిబ్రవరిలో మన దేశంలో మళ్ళీ విడుదలైతే కుర్రకారు టిక్కెట్ల కోసం ఎగబడింది. నీ వ్యాసం చదివేవాడికి కథ నీకంటే బాగా తెలిసి ఉంటుంది. అతను నిన్ను అడిగేది ఒక్కటే. ఆన్‌లైన్లో ఇప్పటికే చూసేశాను, ఇంత డబ్బు పోసి డిస్కు కొంటే నాకు కొత్తగా ఏం దక్కుతుంది? దానికి నీ జవాబు చివరి పేజీలో ఒక్క వాక్యంలో ఉంది: “పిక్చర్ క్వాలిటీ సూపర్, సౌండ్ అదుర్స్.” ఆ వెంటనే మూడు ఫిర్యాదులు. నేను మాట్లాడదలచుకున్నది ముఖ్యంగా వాటి గురించే.

మొదటిది చూడు. “తెర పైనా కిందా నల్ల పట్టీలు వస్తూ పోతూ ఉన్నాయి, డిస్కు తయారీలో లోపం” అని రాశావు. అది లోపం కాదమ్మా. ఆ సినిమాను కొంత మామూలు 35 ఎంఎం ఫిల్ము మీద, కొంత ఐమాక్స్ కెమెరాలతో 65 ఎంఎం ఫిల్ము మీద తీశారు. 35 ఎంఎం దృశ్యాలు 2.39:1 కొలతలో, అంటే ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పుగా ఉంటాయి, కాబట్టి టీవీలో పైనా కిందా పట్టీలు పడతాయి. ఐమాక్స్ దృశ్యాలు వచ్చేసరికి పట్టీలు తొలగి 1.78:1లో తెర నిండిపోతుంది. నీళ్ళ గ్రహం మీద కొండంత అల లేచే చోట ఇంకోసారి చూడు, నీకే తెలుస్తుంది. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ కోరి పెట్టించిన మార్పు అది. నువ్వు నిజంగా లోటు ఎత్తిచూపాలనుకుంటే ఇంకొకటి ఉంది. ఐమాక్స్ ఫిల్ము అసలు కొలత 1.43:1, అంటే ఇంకా ఎత్తుగా ఉంటుంది. కాబట్టి నీ టీవీ నిండా కనిపించిన ఆ అలకు కూడా పైనా కిందా కొంత తెగింది. ఇది రాసి ఉంటే నీ పాఠకుడు లేచి కూర్చునేవాడు.

నిన్ను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. 2003లో బంధువొకాయన లండన్ నుంచి ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా డీవీడీ తెచ్చి ఇచ్చాడు. థియేటర్లో 145 నిమిషాలు నడిచిన సినిమా. డిస్కులో 139 నిమిషాలకే అయిపోయింది. ఆరు నిమిషాలు కోసేశారని, డబ్బు పెట్టి కొన్నవాళ్ళను మోసం చేశారని మండిపడుతూ రాశాను. అప్పటికి ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నవాణ్ణి, నా మాట మీద నాకు అనుమానమే రాలేదు. అచ్చయింది. వారం తర్వాత వయొలిన్ నేర్పే మిత్రుడొకాయన ఇంటికి వచ్చి, ఆ డిస్కు నడుస్తుంటే విని, “సినిమా సంగతి నాకు తెలియదు గానీ, సంగీతం ఉండాల్సిన శ్రుతిలో లేదు, ఇంచుమించు అర శ్రుతి పైకి వెళ్ళింది” అన్నాడు. ఆయన దగ్గర ఆ సంగీతం రికార్డు ఉంది. తెచ్చి రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని విన్నాం. ఆయన చెప్పింది నిజం.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ వాడిన పాల్ పద్ధతి టీవీలు సెకనుకు 25 చూపిస్తాయి. అందుకని ఆ పద్ధతి డీవీడీల్లో సినిమాను నూటికి నాలుగు వంతులు వేగంగా నడిపేవారు. నిడివి తగ్గుతుంది, గొంతులూ వాద్యాలూ కాస్త పైకి జరుగుతాయి. నా డిస్కులో ఒక్క ఫ్రేము కూడా తెగలేదు. 145ని 24తో హెచ్చవేసి 25తో భాగిస్తే 139. ఆ లెక్క కాగితం మీద ఒక్క నిమిషం వేసుకుని ఉంటే ఆ కంపెనీ మీద నింద పడేది కాదు. తర్వాతి సంచికలో సవరణ వేయించాను గానీ, మొదటిది చదివిన వాళ్ళందరూ సవరణ చదవరు కదా. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. నీ చేతిలో ఉన్న డిస్కుకు ఆ బెడద లేదు. 24 ఫ్రేముల లెక్కనే నడుస్తుంది, 169 నిమిషాల సినిమా 169 నిమిషాలూ ఉంటుంది.

ఆ రోజు నుంచి ఏ ఫిర్యాదు కలం చివరి దాకా వచ్చినా ఆగి చూసుకుంటాను. ఇది సినిమాలోనే ఉన్నదా, డిస్కు తెచ్చిపెట్టిందా, లేక నా ఇంట్లో పుట్టిందా? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సినిమా మీది అసంతృప్తిని డిస్కు మీదా, టీవీ మీది అసంతృప్తిని సినిమా మీదా చూపేస్తుంటాం. డిస్కు గురించి రాసేవాడి పనల్లా ఈ ఖాతాలు విడదీయడమే.

“డైలాగులు సరిగా వినపడలేదు” అన్న నీ రెండో ఫిర్యాదును ఈ లెక్కన చూడు. 2014లో థియేటర్లలో చూసినవాళ్ళు కూడా ఈ మాటే అన్నారు. సంగీతం, రాకెట్ల హోరు మాటల్ని మింగేస్తున్నాయని పెద్ద చర్చే జరిగింది. కావాలనే అలా మిక్స్ చేయించానని నోలన్ చెప్పారు కూడా. కాబట్టి కొంత భాగం సినిమా ఖాతాలోది. ఆ ఎంపిక నచ్చలేదని రాయి, నీకు ఆ హక్కు ఉంది. డిస్కు చెడగొట్టిందని మాత్రం రాయకు. అయితే ఇంకో సంగతి. నువ్వు మే నెలలో, మధ్యాహ్నం పూట చూశానన్నావు. గుంటూరు ఎండల్లో ఫ్యాను అయిదులో తిరుగుతూ, కూలరు మోగుతూ ఉంటే ఎవరి డైలాగు మాత్రం వినపడుతుంది? రాత్రి పదకొండు దాటాక, వీధి సద్దుమణిగాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అవే సీన్లు విను. అప్పుడూ మాట మునిగిపోతే అది మిక్సింగులోదే. తేటగా వినపడితే తప్పు ఫ్యానుది. ఈ పరీక్షకు పావుగంట కూడా పట్టదు.

మూడోది, “కొన్ని సీన్లలో బొమ్మ మీద సన్నని రవ్వలాంటి మరక, 4కే అన్నాక ఇలా ఉండకూడదు” అన్నావు. ఇక్కడ నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది, ఎందుకంటే నీ కన్ను సరిగ్గానే చూసింది. అది గ్రెయిన్. ఫిల్ము మీద ఉండే వెండి రేణువుల నుంచి పుట్టేది. 35 ఎంఎం దృశ్యాల్లో కనిపిస్తుంది. ఐమాక్స్ ఫిల్ము పెద్దది కాబట్టి అక్కడ దాదాపు కనిపించదు. మంగళగిరి నేత చీరను దగ్గరగా చూస్తే పోగు పోగూ కనిపిస్తుంది, అది మరకని ఎవరైనా అంటారా? కొన్ని కంపెనీలు జనం ఇలాగే అనుకుంటారని భయపడి, కంప్యూటరుతో గ్రెయిన్ అంతా తుడిచేసి డిస్కులు తెచ్చాయి. వాటిలో మనుషుల మొహాలు మైనం పూసినట్టు ఉంటాయి. చెంపల మీద చర్మపు గరుకు, జుట్టు పోచలు, చొక్కా నేత, అన్నీ గ్రెయిన్‌తో పాటే కొట్టుకుపోతాయి. తండ్రీకూతుళ్ళు విడిపోయే సీన్లో ఆ మొహాలు దగ్గరగా చూడు. ఆ రవ్వ పోగొట్టుంటే అక్కడ ఏం పోయేదో ఊహించు. ఈ డిస్కు దాన్ని ఉంచింది. నువ్వు లోపమని రాసిన చోట మెచ్చుకుంటూ ఒక పేరా రాయాల్సింది.

ఫిర్యాదులు పక్కన పెట్టి, నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం దగ్గరికి వస్తాను. అది పొగడ్త. “అట్మాస్ సౌండ్‌లో రాకెట్ నెత్తిమీద నుంచి దూసుకుపోయింది.” అట్మాస్ అంటే నెత్తిమీద నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి. ఈ డిస్కులో అది లేదు తల్లీ. ఉన్నది డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే వేరే పద్ధతి, 5.1 చానళ్ళు, అంటే ముందూ పక్కలా అయిదు, అడుగు శబ్దాలకు ఒకటి. నెత్తిమీద నుంచి శబ్దం రావడానికి వేరే చానల్ అంటూ ఏమీ లేదు. నీ సౌండ్‌బార్ మీద ఆ పేరు రాసి ఉండవచ్చు, నువ్వు చదివిన ఇతర డిస్కుల రివ్యూల్లో ఆ మాట పదేపదే వచ్చి ఉండవచ్చు. కానీ నీ చెవి వినని దాన్ని నీ కలం రాసింది. పట్టీల విషయంలో తెలియక పొరబడ్డావు, చదువుకుంటే సరిపోతుంది. ఇది అలాంటిది కాదు. ఒక్కసారి అలవాటైతే వేలు పట్టుకుని వదలదు. నీ పుస్తకంలో ఈ వాక్యం కింద ఎర్ర గీత గీసుకో.

నిజంగా వినాల్సింది ఎంత ఉందో. హాన్స్ జిమ్మర్ ఈ సినిమా సంగీతానికి లండన్ టెంపుల్ చర్చిలోని పెద్ద పైపు ఆర్గన్‌ను వాయింపజేశారు. ఓడను తిరుగుతున్న స్టేషనుకు జతచేసే సీన్లో ఆ ఆర్గన్ అడుగు స్వరాలు వస్తాయి. నీ గదిలో కిటికీ రెక్క అదిరిందా? గొణుగుతున్నట్టు బరబరమందా, గట్టిగా నిలిచిందా? ఆ సీనుకు కాస్త ముందు కెమెరా ఓడ బయటికి వెళ్ళినప్పుడు పేలుడు కనిపిస్తుంది గానీ వినిపించదు, శూన్యంలో శబ్దం లేదు గనక. ఆ నిశ్శబ్దంలో నీ స్పీకర్లలో బుస వినిపించిందా? ఇలాంటివి రాయి. “అదుర్స్” అన్న మాట ఏ సినిమాకైనా అతుకుతుంది, కాబట్టి దేని గురించీ చెప్పదు.

బొమ్మకూ అంతే. ముందు టీవీలో వివిడ్ మోడ్ తీసెయ్. అది షోరూములో ట్యూబులైట్ల కింద కళ్ళు జిగేల్‌మనడానికి పెట్టింది. సినిమా మోడ్ పెట్టు, కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపు, కిటికీ మూసి చీకటి చెయ్యి. శని గ్రహం పక్కన ఓడ చుక్కంత కనిపించే దృశ్యం ఉంది కదా, అక్కడ ఆపు. నలుపు నలుపుగా ఉందా, బూడిద రంగుకు తిరిగిందా? నల్లని చోట మెట్లు మెట్లుగా గీతలు పడ్డాయా? ఆన్‌లైన్లో చూసినప్పుడు ఆ మెట్లు తరచు కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ బొమ్మ సమాచారాన్ని సెకనుకు 20 మెగాబిట్ల అటూ ఇటూగా సరిపెడతారు. 4కే డిస్కు 100కు పైగా ఇవ్వగలదు. పాఠకుడు డబ్బు పెట్టేది ఈ తేడాకే. అది ఏ నిమిషంలో, ఏ దృశ్యంలో కనిపించిందో టైము వేసి మరీ చెప్పు.

పెట్టె గురించి ఒక పేజీ రాశావు, రెండు వాక్యాలు చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా మిత్రుడి ఇంట్లో నడుము లోతు నీళ్ళు వచ్చాయి. అట్ట పెట్టెలు, పుస్తకాలు ముద్దయిపోయాయి. డిస్కుల్ని మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, పేర్లు మార్కరుతో రాసుకున్నాడు. చాలావరకు ఇప్పటికీ ఆడుతున్నాయి. పెట్టెలో నువ్వు వదిలేసిన మంచి విషయం ఒకటి ఉంది: తెర వెనక సంగతులన్నీ విడిగా మూడో డిస్కులో పెట్టారు, కాబట్టి సినిమా ఉన్న డిస్కులో చోటంతా సినిమాకే మిగిలింది. అందులో సినిమా వెనక ఉన్న సైన్సు మీద ఒక డాక్యుమెంటరీ ఉంది. భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాలతో కృష్ణబిలం బొమ్మ ఎలా తయారైందో చూడు, మీ కాలేజీ పిల్లలకు అది చెబితే ఎగిరి గంతేస్తారు.

2007లో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మినప్పుడు “కొనండి” అని రాయడం తేలిక. బీసెంట్ రోడ్డులో టీ, పునుగుల ఖర్చుతో సమానం. ఇప్పుడు 4కే డిస్కు కొనడమంటే నీ వయసువాళ్ళకు ఒక నెల ట్యూషన్ డబ్బుల్లోంచి తీసి పెట్టడం. నీ మాట నమ్మి ఎవరో తెనాలిలోనో బాపట్లలోనో ఆ డబ్బు తీస్తారు. నేను ఇంత గట్టిగా పట్టుపట్టడానికి కారణం అదే.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఆ పెట్టెలోనే మామూలు బ్లూరే (4కే కంటే తక్కువ స్పష్టత ఉండే డిస్కు) కూడా ఉంది. ఒకే టీవీ, ఒకే కుర్చీ, ఒకే రాత్రి. అలల సీను, శని గ్రహం, ఓడను జతచేసే సీను, తండ్రి ట్రక్కులో వెళ్ళిపోయే సీను. ఒక్కొక్కటి ముందు బ్లూరేలో చూడు, తర్వాత 4కేలో చూడు. తేడా కనిపించిన చోట రాయి, కనిపించని చోట కనిపించలేదనే రాయి. వ్యాసం మొదట్లో నీ టీవీ ఎంత సైజుదో, స్పీకర్లు ఏమిటో, ఎంత దూరంలో కూర్చున్నావో రెండు లైన్లు పెట్టు. రెండున్నర పేజీలకు మించనక్కర్లేదు.

రాశాక ఆదివారం పొద్దున్నే రైలెక్కి వచ్చెయ్, డిస్కులు కూడా తీసుకురా. వయొలిన్ మిత్రుణ్ణి కూడా రమ్మంటాను, ఆర్గన్ గురించి నువ్వు రాసింది ఆయన ముందు చదువుదాం. మీ పిన్నిగారు గోంగూర పచ్చడి చేసి ఉంచుతానంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు