పాత లెన్సు రింగులు: రెండూ 42 మి.మీ., మర మాత్రం వేరు

ప్రశ్న: జుమేరాత్ బజార్‌లో హీలియోస్ 44-2 లెన్సు, దాంతోపాటు లెన్సును వేరే కెమెరాకు తగిలించే రెండు రింగులు కొన్నాను. ఒకదాని మీద ‘ఎం42-నెక్స్’ అని, రెండోదాని మీద ‘పి/ఎస్’ అని మాత్రమే ఉంది. పి/ఎస్ రింగులో లెన్సు ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. నాది సోనీ మిర్రర్‌లెస్ కెమెరా. ఆ రింగు దేనికి పనికొస్తుంది?
– ఒక పాఠకుడు, నారాయణగూడ

జవాబు: ముందు లెన్సును మెల్లగా వెనక్కి తిప్పి తీసేయండి. బలవంతం చేస్తే రింగు లోపలి అల్యూమినియం మర అరిగిపోతుంది, ఆ తర్వాత ఏ లెన్సూ సరిగా ఎక్కదు.

పి/ఎస్ అంటే ప్రాక్టికా, పెంటాక్స్ స్క్రూ. అంటే ఎం42 మౌంటే (మౌంటంటే లెన్సు కెమెరాకు తగిలే అమరిక). మీ హీలియోస్‌దీ అదే. అయితే ఆ గుర్తు రింగుకు కెమెరా వైపు ఉన్న మరకే వర్తిస్తుంది. లెన్సు ఎక్కే లోపలి మర టి-మౌంట్ అనే వేరే రకానిది. రెండింటి వ్యాసమూ 42 మి.మీ.; మరకూ మరకూ మధ్య దూరం ఎం42లో 1 మి.మీ., టి-మౌంట్‌లో 0.75 మి.మీ. అందుకే మీ లెన్సు కొంచెం ఎక్కి ఆగిపోయింది. ఇలాంటి అనుమానం వస్తే ఒక మర అంచు నుంచి ఐదో అంచు దాకా కొలవండి: 4 మి.మీ. వస్తే ఎం42, 3 వస్తే టి. రింగు పక్కన మూడు సన్న స్క్రూలుంటే అదీ టి-రింగుకు ఆనవాలే. వాటిని వదులు చేసి లోపలి భాగాన్ని తిప్పితే, లెన్సు మీది అంకెలు పైకి కనిపించేలా సర్దుకోవచ్చు.

హీలియోస్‌కు ఎం42-నెక్స్ రింగు ఒక్కటే చాలు (నెక్స్ అంటే సోనీ మిర్రర్‌లెస్ మౌంటు). అయినా పి/ఎస్‌ను పారేయకండి. ఎప్పుడైనా టి-మౌంట్ టెలి లెన్సు (దూరపు వస్తువులను దగ్గరగా చూపేది) దొరికితే, దానికి పి/ఎస్ తగిలించి, ఆ రెంటినీ ఎం42-నెక్స్‌లో బిగించవచ్చు. లెక్క చూడండి: మౌంటు నుంచి సెన్సరు దాకా సోనీలో 18 మి.మీ., ఎం42-నెక్స్ మందం సుమారు 27.5, పి/ఎస్ మందం సుమారు 9.5. మొత్తం 55. టి-మౌంట్‌కు కావలసింది సరిగ్గా అంతే.

గుర్తులు చెరిగిపోయిన రింగులను పోల్చుకోవడానికీ ఈ మందమే ఆధారం. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో మామూలు వర్నియర్ (మందం కొలిచే పరికరం) ఒకటి కొనుక్కోండి. సోనీ వైపు మౌంటున్న రింగు 24 మి.మీ. ఉంటే కెనాన్ ఎఫ్‌డీది, 25.5 అయితే మినోల్టా ఎండీది, 28 అయితే ఒలింపస్ ఓఎంది, 28.5 అయితే నికాన్‌ది. పదో వంతు, రెండు పదో వంతులు తక్కువగా ఉంటే కంగారొద్దు. ఇన్ఫినిటీ (అతి దూరపు వస్తువుల ఫోకస్) తప్పకుండా అందాలని చాలామంది తయారీదారులు కావాలనే కాస్త పలచగా చేస్తారు. ఎక్కువ మందం ఉంటేనే చిక్కు, దూరపు కొండ ఎప్పటికీ ఫోకస్ కాదు.

ప్రశ్న: కెనాన్ పాత ఎఫ్‌డీ లెన్సును కెనాన్ ఈఓఎస్ కెమెరాకు తగిలించే ఎఫ్‌డీ-ఈఓఎస్ రింగులో చిన్న అద్దం (గాజు కటకం) ఉంది. తీసేయవచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: తీస్తే దగ్గరి వస్తువులు మాత్రమే ఫోకస్ అవుతాయి. మౌంటు నుంచి సెన్సరు దాకా ఎఫ్‌డీకి కావలసిన దూరం 42 మి.మీ., ఈఓఎస్ బాడీలోనే 44 ఉంది. రింగు మందం లేకుండానే 2 మి.మీ. ఎక్కువైపోయింది, దాన్ని సర్దేది ఆ అద్దమే. నాసి రకం అద్దమైతే అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచినప్పుడు ఫొటో మసకగా వస్తుంది. ఎఫ్‌డీ లెన్సులను మిర్రర్‌లెస్ మీద వాడుకోవడమే మేలు. అక్కడ అద్దంతో పనే లేదు.