తాతగారి పెట్టెలో దొరికిన పాత బాయ్‌నెట్‌కు సాన పట్టించవచ్చా? తోలు ఒరను ఎలా కాపాడుకోవాలి?

మీ తాతగారి ట్రంకు పెట్టెలో తోలు ఒరతో సహా ఒక బాయ్‌నెట్ (తుపాకి కొసకు తగిలించే కత్తి) దొరికిందనీ, అలుగు మీద 1907 అని ఉందనీ, తుప్పు పట్టింది కాబట్టి సాన పట్టించి మెరిసేలా చేయించమని ఇంట్లో అంటున్నారనీ రాశారు. దయచేసి ఆ పని చేయించకండి. పదమూడేళ్లుగా వీటిని సేకరిస్తున్నాను. నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా మొదటి బాయ్‌నెట్ హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాను. ఒక షాపులో ఇస్తే బఫింగ్ మెషీన్ మీద పెట్టి అద్దంలా చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూసుకుంటే పిడి దగ్గర అలుగు మీద ఉండాల్సిన నెల అంకె లేదు. వేలితో తడిమితే సన్నగా ఏదో తగులుతుంది కానీ కంటికి ఆనదు. అది ఏ నెలలో తయారైందో ఇక ఎప్పటికీ తెలియదు. ఇప్పటికీ దాన్ని చేతిలోకి తీసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇంతకీ మీరు చూసిన 1907 తయారైన సంవత్సరం కాదు, ఆ నమూనా పేరు. బ్రిటిష్ సైన్యం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తగిలించే కత్తి ఇది. జపాన్ వాళ్ల అరిసాకా రైఫిల్ బాయ్‌నెట్‌ను చూసి రూపొందించారు. అలుగే 17 అంగుళాలు. పైన కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, 1907, ఆ కింద నెల, సంవత్సరం, తయారీదారు పేరు ఉంటాయి. 5, 17 అని కనిపిస్తే 1917 మే అన్నమాట. రెండో వైపు బాణం గుర్తు, తనిఖీ ముద్రలు, అలుగును వంచి పరీక్షించినందుకు ఒక ఇంటూ గుర్తు ఉంటాయి. మొదట్లో పిడికీ అలుగుకూ మధ్య ఉండే అడ్డుకమ్మికి కొక్కెం ఉండేది, 1913లో తీసేశారు. పిడి చివర చిన్న రంధ్రం 1916లో వచ్చింది. మీ దానికి ఆ రంధ్రం ఉందో లేదో చూడండి.

ఆర్ ఎఫ్ ఐ అన్న అక్షరాలుంటే అది కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది (మన శ్రీకాకుళం ఇచ్ఛాపురం కాదు). రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ పాత అలుగులను 12 అంగుళాలకు కుదించారు, కొత్తవి ఆ కొలతకే చేశారు, ఒరలనూ పొట్టి చేశారు. అందుకే మీది పొట్టిగా ఉంటే ఎవరో విరగ్గొట్టారని అనుకోకండి.

ఇక అసలు విషయం ఒర. అందరూ కత్తినే చూస్తారు. నాకు మాత్రం ఒర దొరికినప్పుడే ఎక్కువ సంతోషం. ఇనుము వందేళ్లు ఓర్చుకుంటుంది, తోలు ఓర్చుకోదు. అయితే ఆ రెండింటినీ కలిపి ఉంచకూడదు. ఒక వానాకాలం మొత్తం ఒక బాయ్‌నెట్‌ను ఒరలోనే పెట్టి బీరువాలో ఉంచాను. దసరాకు తీసి చూస్తే తోలు ఆనిన చోటల్లా అలుగు మీద ఎర్రటి చారలు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాలూ అందులో మిగిలే ఉంటాయి. అప్పటినుంచి నా దగ్గర అలుగులు ఒకచోట, ఒరలు ఒకచోట. ఏ ఒర దేనిదో చిన్న చీటీ రాసి దారంతో కడతాను. ప్లాస్టిక్ కవర్లు వద్దు, నూలు గుడ్డ చాలు. పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి.

కత్తిని బయటికి తీసేటప్పుడు తోలు పట్టుకుని లాగకండి. మూతి దగ్గర ఉక్కు తొడుగు ఉంటుంది, దాన్నే పట్టుకోండి. లోపల స్ప్రింగు బద్దలు అలుగును బిగించి పట్టుకుంటాయి కాబట్టి మొదట కాస్త మొరాయిస్తుంది. తోలు పట్టి లాగితే తొడుగు ఊడొస్తుంది. కొసన ఉన్న ఉక్కు పొన్ను వదులుగా ఉంటే ఊడగొట్టి అతికించే ప్రయత్నం చేయకండి. తోలుకు కొబ్బరినూనె, ఆముదం, షూ పాలిష్ ఏదీ రాయకండి. నూనె తాగిన తోలు మెత్తబడి, కుట్లు సాగి, బూజు పడుతుంది. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

అలుగు మీద తుప్పుకు కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున నూలు గుడ్డతో తుడవండి. ఇంకా పెచ్చులుంటే వెదురు పుల్లతో మెల్లగా గీకండి. రెండు మూడు వారాలు ఇలాగే చేయాలి. గుడ్డకు ఎర్రపొడి అంటడం ఆగిపోయాక మిగిలే ముదురు గోధుమ రంగు దాని వయసు, దాన్ని ముట్టుకోవద్దు. ముద్రలున్న చోట పుల్ల కూడా వద్దు. చివరగా పలచగా నూనె పట్టించండి. ఒట్టి చేతులతో అలుగును తాకితే చెమటకు వేలిముద్రల ఆకారంలో తుప్పు పడుతుంది. పిడి కర్ర స్క్రూలు విప్పకండి.

చట్టం సంగతి తప్పకుండా చూసుకోండి. ఆయుధ నియమాలు, 2016 పట్టికలో 9 అంగుళాలకు మించిన అలుగున్న ఆయుధాల్లో బాయ్‌నెట్ పేరు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. మీ ప్రాంతంలో ఎలా ఉందో పోలీసులను అడిగి తెలుసుకోండి. వందేళ్లు దాటినవి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి కాబట్టి విదేశాల్లోని బంధువులకు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. పెళ్లి ఊరేగింపులకూ ఫొటోలకూ బయటికి తీసుకెళ్లకండి.

ఒక్క మాట. ఒరను బెల్టుకు తగిలించే ఫ్రాగ్ అనే పట్టీ ఒకటి ఉంటుంది. తోలుదో, ముతక నూలుదో, చూడటానికి తెగిపోయిన పాత బెల్టు ముక్కలా ఉంటుంది. ట్రంకు అడుగున చిరుగు గుడ్డల్లో ఒకసారి వెతకండి. నాకు ఇప్పటిదాకా కత్తి, ఒర, ఫ్రాగ్ మూడూ ఒకే ఇంట్లో దొరకలేదు.