ఖైదీల పని, కూలీ, పైనున్న సార్

‘జైల్లో ఖైదీలు ఇష్టంగా పని చేయాలంటే కూలీ పెంచాలా, సూపర్‌వైజర్ మంచివాడైతే చాలా?’ అని అడిగారు. నేనైతే ముందు సూపర్‌వైజర్ సంగతే చూడమంటాను.

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. కొన్నేళ్లు ఒక జైల్లో మగ్గం పని నేర్పాను. ఏ జైలో చెప్పను.

అక్కడ యాభై దాటిన జీవిత ఖైదీ ఒకాయన ఉండేవాడు. వ్యవసాయం తప్ప ఇంకో పని ఎరగడు. ఆయన నేసిన ప్రతి జంపఖానాకూ అంచు లోపలికి గుంజుకుపోయేది. అప్పటి సూపర్‌వైజర్ రోజూ టేపు తెచ్చి, అందరి ముందూ కొలిచి, ‘మొత్తం విప్పు’ అని వెళ్లిపోయేవాడు. పెద్దాయన మాట్లాడటమే మానేశాడు. సాయంత్రానికి మూరెడు కూడా సాగేది కాదు. బద్ధకస్తుడని పేరు పెట్టారు.

తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ ఒకరోజు మగ్గం పక్కనే కింద కూర్చుని, ‘ఏమైతాంది పెద్దన్నా, నాకు చూపియ్యి’ అన్నాడు. ఆయన చాలాసేపు ఊరుకుని, అంచు దగ్గర పడుగు పోగును, అంటే నిలువు దారాన్ని, వేళ్లతో లాగాడు. పుటుక్కున తెగింది. ‘నూలు పాడైంది సార్. అతికినా నిలుస్తలేదు’ అన్నాడు. నెలల తరబడి ‘పేక (అడ్డదారం) వదులుగా వెయ్యి’ అని చెప్పిన నేను కూడా ఆ పోగు పట్టి చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ వారమే నూలు మారింది. అంచు రంగులు ఎంచుకోమంటే పెద్దాయన పండుమిరప ఎరుపు, నలుపు తీసుకున్నాడు. నెల తిరిగేసరికి, లాకప్ తీయగానే అందరికంటే ముందు షెడ్డుకు వచ్చేవాడు. కొత్తవాళ్లిద్దరికి పని నేర్పాడు. కూలీ మాత్రం పైసా పెరగలేదు.

అలాగని కూలీ పెంచొద్దని కాదు. ఖైదీల పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది, అందులో కొంత బాధితులకు చేరాలని కూడా. ‘వాళ్లకు తిండి పెట్టుడే ఎక్కువ’ అనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. కఠిన కారాగార శిక్ష పడినవాడికి పని వద్దనే వీలే లేదు. మా వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు. జైలు షెడ్డులో అదే పని చేసే చేతుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఆ మంచి సూపర్‌వైజర్ రెండేళ్లకే బదిలీ అయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినాయన మళ్లీ టేపు తీశాడు. పెద్దాయన రోజూ మగ్గం ఎక్కేవాడు కానీ, రంగుల గురించి అడగటం మానేశాడు. స్టోరులో ఏ నూలు ఇస్తే అదే వేసేవాడు.